విడాకులు లేని దేశమున ద్రోహకథలు: ఇటలీ జాల్లో చిత్రములు

ఇటలీ దేశమున 1970వ సంవత్సరము డిసెంబరు మాసము వరకు విడాకుల చట్టమే లేదు. ఒకరి ముఖ మొకరు చూడనొల్లని దంపతులును మరణపర్యంతము దంపతులే. భార్య వ్యభిచరించుట 1968 వరకు శిక్షార్హమైన నేరము. భర్త విషయమున, అతడు ఉంపుడుకత్తెను బహిరంగముగా నిలుపుకొన్నగాని చట్టము కన్నెత్తి చూడకుండెను. తప్పుచేసిన భార్యను ఆగ్రహావేశమున చంపిన మగనికి శిక్షాస్మృతియందలి 587వ నిబంధన మూడు మొదలు ఏడు సంవత్సరముల కారాగారవాసముతో సరిపుచ్చుచుండెను. ఈ సంగతులు మనస్సున నుంచుకొనక, ఆ కాలమున రోమునగరమునుండి పుంఖానుపుంఖములుగా వెలువడిన శృంగారహత్యాచిత్రములను చూచువారికి అవి వట్టి చౌకబారు రక్తపాతముగ తోచుట సహజము. చౌకబారుతనము లేదని నేననను. కాని దానికి అడుగున గృహస్థాశ్రమపు చేదు చాలగలదు.

మిలాను నగరమందలి మొందదోరి ప్రచురణాలయము 1929లో పసుపుపచ్చని అట్టలతో అపరాధపరిశోధక నవలలను అచ్చొత్తింప నారంభించెను; ఆ అట్టలరంగునుబట్టియే ఈ కథలకును, పిమ్మట చిత్రములకును జాల్లో యను పేరు స్థిరపడెను. ఫాసిస్టు ప్రభుత్వమునకు ఇవి రుచింపకపోవుటచే 1941లో నిలిచిపోయి, యుద్ధానంతరము మరల తలయెత్తినవి. ఆ యుద్ధకాలముననే, 1943లో, దర్శకుడు విస్కోంతి యొక అమెరికను నవలను పో నదీతీరమునకు తరలించి, ప్రియునితో కలసి మగని చంపిన యిల్లాలి కథను తెరకెక్కించెను. అందు ఆ యిరువురి నడుమ చిచ్చుపెట్టినది మృతుని జీవితబీమా సొమ్మే. తరువాతి వారికి దారిచూపిన దిదియేయని నా తలంపు.

ఛాయాగ్రాహకుడుగా పేరొంది దర్శకుడైన మారియో బావా 1964లో తీసిన ‘హంతకునికి ఆరుగురు స్త్రీలు’ ఈ జాతి చిత్రములకు ముఖరేఖలు దిద్దెను. రోములోని యొక వస్త్రాలంకారశాల. ముఖమునకు తెల్లని ముసుగు, చేతులకు నల్లని తొడుగులు గల హంతకుడు. అయితే ఆ ముసుగు వెనుక నున్నది ఒకరు కాదు, ఇద్దరు: ఆ శాలకు యజమానురాలైన కౌంటెసును, ఆమె ప్రియుడును. ప్రియుని ప్రేరణపై తుది హత్య ముగించి ఆమె స్నానాగారమునుండి వెడలబోవుచుండగా, ఎవరో తలుపు దబదబ బాదుదురు. పోలీసులని భయపడి ఆమె కిటికీగుండ వెలుపలికి దిగి వాననీటి గొట్టమును పట్టుకొనును. అది ఊడి ఆమెతోకూడ క్రిందపడును. గొట్టమును ముందుగనే వదులుచేసినవాడును, తలుపు బాదినవాడును ఆ ప్రియుడే. ఒడలెల్ల గాయములతో తిరిగివచ్చి, ఇనుపపెట్టెలోని నగలు దోచుకొనుచున్న వానిని ఆమె తుపాకితో కాల్చును. ఇంత కఠినముగా ప్రేమను లెక్కకట్టిన దృశ్యము ఆ దశాబ్దపు చిత్రములలో అరుదు.

1968 మొదలు ఈ త్రోవ రాచబాట అయ్యెను. గ్వెరియేరి, లెంజి మొదలగు దర్శకులు హాలీవుడ్‌నుండి నటి కారొల్ బేకరును రప్పించి, ధనవతియైన స్త్రీని భర్తయో ప్రియుడో ఉన్మాదమునకో మృత్యువునకో త్రోయు కథల నల్లిరి. సెర్జియో మార్తీనో 1971లో తీసిన ‘శ్రీమతి వార్ధ్ విచిత్రవ్యసనము’లో ఎడ్విజ్ ఫెనెక్ ధరించిన దౌత్యాధికారి భార్యకు వియన్నా నగరమున భర్త, పూర్వప్రియుడు, నూతనప్రియుడు అని మువ్వురు గలరు, మువ్వురిలో నమ్మదగినవా డొక్కడును లేడు. ఈ కథలు పెక్కింటికి రచయిత ఎర్నెస్తో గస్తాల్ది. భార్యను భయపెట్టి చంపు పన్నాగమునకు మూలము 1955లో ఫ్రెంచి దర్శకుడు క్లూజో తీసిన చిత్రము.

గమనింపదగిన దేమనగా, 587వ నిబంధన ఊహించిన మానధనుడైన మగడు ఈ కథలలో కానరాడు. పరువుకొరకు ఎవడును కత్తిపట్టడు. వారసత్వమునకై, బీమాకై, పరస్త్రీతో సుఖముగ నుండుటకై చంపును. శీలమునకై చంపిన భర్తను చట్టము కనికరించుచున్న దేశమున, భర్తయే లెక్కలు వేసి చంపించునని ఈ చిత్రములు చెప్పినవి. నగ్నదేహములను చూచుటకు వచ్చిన ప్రేక్షకుడు ఈ మాటను గ్రహించెనో లేదో గాని, మాట మాత్రము వినబడుచునే యుండెను.

1974 మే మాసమున విడాకుల చట్టమును రద్దుచేయవలెనాయని ప్రజల నడుగగా, ఓటువేసినవారిలో నూటికి 59 మంది వలదనిరి. 587వ నిబంధన 1981 వరకు బ్రతికెను. అప్పటికే మార్తీనోయు, ఫెనెక్కును హాస్యచిత్రములకు తరలి, మునుపు ప్రాణాంతకముగ చూపిన రంకునే జనులను నవ్వించుటకు వాడుకొనుచుండిరి.