సముద్రపు బాటకు నేలమీది గురుతు

పూర్వము కళింగపట్నము, భీమునిపట్నములకు వచ్చు ఓడలు ఒడ్డున ఆగెడివి కావు. లోతు నీటిలో లంగరు దించి నిలిచెడివి. కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలలను దాటి సరకును, మనుషులను ఒడ్డు చేర్చెడివి.

అలలకంటె ప్రమాదకరమైనది కంటికి కానరాని రాయి. నేటి విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలములోని చింతపల్లి ఎదుట, ఒడ్డుకు ఆరేడు మైళ్ళ దూరమున అట్టి రాళ్ళు కలవు. ఆంగ్లేయులు చింతపల్లిని ‘సంతపిల్లి’ అని వ్రాయగా, ఆ రాళ్ళకును ఆ పేరే నిలిచినది. భీమునిపట్నమునకు వచ్చు ఓడలకు వీనివలన భయముండెను.

నడిసముద్రమున నావికుడు తానున్న చోటు నెట్లు తెలిసికొనును? మిట్టమధ్యాహ్నపు సూర్యుని ఎత్తునుబట్టి అక్షాంశము తెలియును. రేఖాంశమునకు గడియారము కావలెను. భూమి 4 నిమిషములలో ఒక డిగ్రీ తిరుగును. మన తీరమున ఒక డిగ్రీ రేఖాంశము సుమారు 106 కిలోమీటర్లు. కావున గడియారము అర నిమిషము తప్పినచో లెక్క 13 కిలోమీటర్లు, అనగా ఎనిమిది మైళ్ళు తప్పును. ఆ రాళ్ళకు, ఒడ్డుకు నడుమ అంత దూరమే లేదు!

అందుచేత సముద్రమునకు పటము గీయువాడు ఓడ దిగి నేలపై నడువవలసి వచ్చెను. ఓడ కదలును, కొండ కదలదు. తీరమున రెండు జెండాలు నాటి, నడిమి దూరమును కొలిచి, రెండు చోట్లనుండియు కొండ శిఖరమునకు కోణములు తీయుదురు. త్రిభుజములో ఒక భుజము, రెండు కోణములు తెలిసినచో తక్కినవి తేలునని విద్యార్థు లెరుగుదురు. పిదప పడవలో పోయి, సీసపు గుండు కట్టిన త్రాటితో లోతు చూచుచు, అదే క్షణమున ఒడ్డు గురుతుల నడిమి కోణములను సెక్స్టెంటుతో కొలుతురు. అప్పుడు ఆ లోతు ఏ చోటిదో పటములో నిలుచును.

ఇట్టి పనికి శిక్షణ కావలెను. మద్రాసులో కంపెనీ నౌకా సర్వేయరైన మైకేల్ టాపింగ్ సూచనపై 1794 మే 17న ఎనిమిదిమంది విద్యార్థులతో సర్వే పాఠశాల ఆరంభమైనది. గిండీ ఇంజనీరింగు కళాశాలకు మూలమదియే. టాపింగ్ 1796లో మచిలీపట్నమున మరణించెను.

1847లో సంతపిల్లి రాళ్ళ హెచ్చరికకై దీపస్తంభము కట్టిరి. దానిని నిలిపినది రాళ్ళమీద కాదు, ఒడ్డుననున్న చిన్న కొండమీద. భూమి గుండ్రనిది గనుక దీప మెంత ఎత్తున నున్న అంత దూరము కనబడును. ఈ దీపము 14 మైళ్ళ దూరము కనబడెడిది. అనగా రాళ్ళు రాకమునుపే నావికునికి తెలియును. నేటికిని అచ్చట దీపస్తంభ మున్నది.

చిన్న త్రిభుజముల తప్పులు కూడి పెద్దవి కాకుండ మరల సరిచూడవలెను. ఇందులకే 1862–63లో మహా త్రికోణమితి సర్వేవారు, బాసెవి ఆధ్వర్యమున, విశాఖపట్నము ఆధారరేఖను కొలిచిరి. దానితో ఈ తీరపు కొండలు దేశమంతటి కొలతలో చేరినవి.

తీరగ్రామముల ఉపాధ్యాయులు రెండు కర్రలు, ఒక టేపు, ఒక కోణమానినితో దూరపు కొండను విద్యార్థులచే కొలిపింపవచ్చును. కొండను చేరకయే దాని దూరము తెలిసికొనిన పిల్లవానికి, నీటి అడుగున నున్న రాయి పటములోని కెట్లెక్కెనో వేరుగ చెప్పనక్కరలేదు.