ఎంసీఏ చదివి ఇదేం పనమ్మా?

పొద్దున ఆరు నలభై. డాలస్ శివార్లలో ఒక పెద్దాసుపత్రి, ఐదో అంతస్తు, మెడికల్-సర్జికల్ వార్డు. నా వెనకే రండి. తలుపు పక్కన గోడకున్న డబ్బా కింద చెయ్యి పెట్టండి, నురగ పడుతుంది. మణికట్టు దాకా రుద్దుకోండి. గదిలోకి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి. సాయంత్రానికి వేళ్ల సందులు మండుతాయి, ఏం చెయ్యలేం.

రాత్రి నర్సు దిగిపోతోంది, పగటి నర్సు డ్యూటీ ఎక్కుతోంది. ఇద్దరూ రోగి మంచం పక్కనే నిలబడి అప్పగింతలు చేసుకుంటున్నారు. వయసు, జబ్బు, రాత్రి ఏం జరిగింది, ఆక్సిజన్ ఎంత, ఏ చేతికి సూది ఉంది, మూత్రం ఎంత వచ్చింది, డాక్టర్‌ని ఏం అడగాలి. మూడు నిమిషాల్లో మొత్తం అయిపోతుంది. నేను నాలుగు మడతలు పెట్టిన కాగితం మీద గీకేస్తున్నాను. ఈ కాగితాన్ని ఇక్కడ అందరూ ‘బ్రెయిన్’ అంటారు. ఇది పోతే రోజు పోయినట్టే. డ్యూటీ దిగేటప్పుడు ముక్కలు చేసే మిషన్లో వేసి మరీ ఇంటికెళ్లాలి. రోగి సంగతులు బయటికి పోకూడదని 1996 నాటి హిపా చట్టం. అందుకే ఇక్కడ పేర్లు, గది నంబర్లు ఏవీ ఉండవు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా.

నా మెడలో కార్డు చూడండి. ‘స్టూడెంట్ నర్స్’. నలభై దాటిన మనిషిని. బీఎస్సీ, ఎంసీఏ, ఆ పైన చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాకు పాఠం చెప్పే మేడమ్ నాకంటే చిన్నది. ఒక టీచర్ కింద పది మందికి మించి విద్యార్థులు వార్డులో ఉండకూడదని టెక్సస్ నర్సింగ్ బోర్డు నియమం. మా గుంపులో ఎనిమిది మందిమి. ఒకాయన బ్యాంకులో అకౌంట్లు రాసినవాడు, ఒకామె బళ్లో సంగీతం చెప్పింది, ఒకతను సైన్యం నుంచి వచ్చాడు. అందరికీ అంతకుముందే ఏదో ఒక డిగ్రీ ఉంది. ఇలాంటివాళ్ల కోసమే పెట్టిన కోర్సు ఇది, యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్. నాలుగేళ్ల చదువులో నర్సింగ్ భాగాన్ని పదకొండు నుంచి పద్దెనిమిది నెలల్లోకి కుక్కేస్తారు. 1971లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ మొదలుపెట్టింది, తర్వాత దేశమంతా పాకింది. సెలవులుండవు. మధ్యలో ఉద్యోగం చేసుకుంటానంటే నవ్వుతారు.

ఏడుంపావు. మొదటి గది. డెబ్భై ఎనిమిదేళ్ల తెల్లామె, గుండె నీరసించింది. ఇలాంటివాళ్లని పొద్దున్నే తూకం వెయ్యాలి, రోజూ అదే వేళకి, అదే తూకం మీద. నిన్న నూట అరవై ఎనిమిది పౌండ్లు, ఇవాళ నూట డెబ్భై రెండు. ఒక్క రాత్రిలో నాలుగు పౌండ్ల కొవ్వు పెరగదు, అది నీరు. చీలమండ మీద బొటనవేలితో నొక్కాను, గుంట పడి అలాగే ఉండిపోయింది. టెస్టింగ్ రోజుల అలవాటు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందని వెతకడం. మందులు అవే. సెలైన్ లేదు. కిటికీ గట్టు మీద ఖాళీ చిప్స్ ప్యాకెట్ కనిపించింది. రాత్రి మనవడు వచ్చాడట. ఉప్పులోని సోడియం రోజుకి రెండు గ్రాములు మించకూడదని తలవైపు గోడ మీద రాసుంది, ఆ ప్యాకెట్ మాత్రం దాన్ని చదవలేదు.

“మా వాడిని ఏమీ అనకు, హనీ” అంది ముసలామె.

మందుల వేళ. మేడమ్ నా పక్కనే నిలబడుతుంది, ఆమె లేకుండా నేను ఒక్క మాత్ర కూడా ఇవ్వకూడదు. రోగి చేత పేరు, పుట్టిన తేదీ చెప్పించాలి, చేతి పట్టీ స్కాన్ చెయ్యాలి, మందు స్కాన్ చెయ్యాలి. ఈలోగా ప్రశ్నలు. “ఫ్యూరోసెమైడ్ ఇచ్చే ముందు ఏం చూస్తావు?” బీపీ చూస్తాను, పొటాషియం చూస్తాను. “చూశావా?” బీపీ నూట పద్దెనిమిది బై డెబ్భై. పొటాషియం... తెరమీద చూశాను. 3.1. ఉండాల్సింది 3.5 నుంచి 5. ఈ మందు నీటితో పాటు పొటాషియాన్నీ ఒంట్లోంచి లాగేస్తుంది. అది మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది. మేడమ్ నోరు విప్పలేదు. చేతులు కట్టుకుని నా మొహం చూస్తోంది.

“మందు ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యమని నర్సుకి చెప్తాను” అన్నాను.

నర్సు ఫోన్ చేసింది. ముందు పొటాషియం ఇవ్వండి, తర్వాతే ఇది అని ఆర్డరు వచ్చింది. మెచ్చుకోలు ఏమీ లేదు, మేడమ్ తర్వాతి గదికి నడిచింది. నర్సంటే డాక్టర్ చెప్పింది చేసే మనిషి అనుకునేవాళ్లు ఈ ఐదు నిమిషాలు ఇక్కడ నిలబడితే చాలు. రాసిన మందు ఇప్పుడు, ఈ మనిషికి, ఈ పూట పనికొస్తుందా అని ఆఖరున ఆలోచించేది మంచం దగ్గరున్న మనిషే. ఆ తర్వాత ఇంకెవరూ లేరు.

ఇక్కడిదాకా రావడం గురించి అడుగుతారు కాబట్టి కాస్త చెప్పి వదిలేస్తాను. మన డిగ్రీలను ముందు ఇక్కడి సంస్థ చేత ఒక్కో సబ్జెక్టు లెక్కన మదింపు చేయించాలి. మూడేళ్ల బీఎస్సీని పూర్తి డిగ్రీగా ఒప్పుకోని బళ్లున్నాయి, ఎంసీఏ ఉండబట్టి నేను గట్టెక్కాను. అయినా అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ కొత్తగా చదవాల్సిందే. సైన్సు సబ్జెక్టులు చదివి ఐదేళ్లో ఏడేళ్లో దాటితే చాలా బళ్లు లెక్కలోకి తీసుకోవు. కమ్యూనిటీ కాలేజీలో పందొమ్మిదేళ్ల పిల్లల పక్కన కూర్చుని, ఫార్మలిన్‌లో నానబెట్టిన పిల్లి కండరాలకు పేర్లు పెట్టాను. ఇంట్లో గుడ్డు కూడా వండని దాన్ని. అది దాటాక టీస్ అనే ప్రవేశ పరీక్ష, పోలీసు తనిఖీ, టీకాల చిట్టా. క్షయ పరీక్ష దగ్గర మనవాళ్లందరికీ ఒకటే తంటా. చిన్నప్పుడు వేయించిన బీసీజీ వల్ల చేతి మీద గుచ్చే పరీక్ష ఉత్తినే పాజిటివ్ అని చూపించొచ్చు. నేరుగా రక్తపరీక్ష చేయించుకోండి, వారం కలిసొస్తుంది.

పదకొండున్నర. హాల్లో నర్సు నన్ను ఆపింది. “నీది ఇండియా కదా, ఆ చివరి గదిలో పెద్దాయన ఏ భాష మాట్లాడుతున్నాడో చూడు.” తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల్నుంచి వినిపించింది: “అబ్బా, ఈ వైరు గుచ్చుకుంటోంది, ఎవరికి చెప్పాలి రా దేవుడా.”

“ఏ వైరండీ?” అన్నాను.

ఆయన మొహం చూడాలి మీరు. డెబ్భై దాటిన మనిషి, కూతురి దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చాడు, న్యుమోనియా పట్టుకుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. కూతురు పిల్లల్ని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లింది.

“ఏ ఊరమ్మా మీది?”

“తెనాలి దగ్గరండీ.”

“మాది చిలకలూరిపేట. ఏం చదువుకున్నావు?”

“ఎంసీఏ అండీ.”

కాసేపు నన్నే చూశాడు. “ఎంసీఏ చదివి ఇదేం పనమ్మా? ఉద్యోగం పోయిందా?”

పోయింది, కానీ దానికోసం రాలేదన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నాకూ వివరించే తీరిక లేదు. వేలు గుచ్చి షుగరు చూశాను. 289. భోజనం ట్రే ఇంకా రానే లేదు. “ఇందాక ఏమన్నా తిన్నారా?” “మా అమ్మాయి పెరుగన్నం తెచ్చింది, రెండు ముద్దలు.” రెండు ముద్దలంటే ఎంతో మన ఇళ్లల్లో పెరిగినవాళ్లకి తెలుసు, డబ్బా తెరిచి చూస్తే అడుగు కనిపిస్తోంది. నర్సుకి చెప్పాను. ఉత్త కడుపున వచ్చిన అంకె అనుకుని లెక్క కట్టడం వేరు, తిన్నాక వచ్చిందని తెలిసి కట్టడం వేరు. ఆమె డాక్టర్‌ని అడిగి ఇన్సులిన్ సంగతి తేల్చింది.

ఇంతలో ఆయన ఇబ్బందిగా కదులుతున్నాడు. మూత్రానికి వెళ్లాలి, లేచే ఓపిక లేదు. సీసా అందించబోయాను. “వద్దమ్మా, వద్దు. ఆడపిల్లవి, చదువుకున్నదానివి. నీ చేత...” దుప్పటి గట్టిగా పట్టుకున్నాడు. మా గుంపులో సైన్యం నుంచి వచ్చినతన్ని పిలిచాను. అతను సీసా పట్టుకుంటే నేను తెర ఇవతల నిలబడ్డాను.

ఆయన మాటలో రెండు ముక్కలున్నాయి, గమనించారా? ఆడపిల్లవి అన్నది మొహమాటం, దాన్ని గౌరవించాలి. చదువుకున్నదానివి అన్నదే అసలు సంగతి. ఒళ్లు ముట్టుకునే పని, మలం మూత్రం ఎత్తే పని ఎవరిదో తరాల కిందటే తేల్చి పెట్టేసుకున్న సమాజం మనది. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి 1898 నుంచీ ఉంది. అక్కడి నర్సమ్మల చేతుల మీదుగా మా చుట్టాల్లో ఎన్ని పురుళ్లు జరిగాయో. ఆ నర్సమ్మల పిల్లల్ని ఏనాడైనా పండక్కి పిలిచామా? డాక్టర్ చదివించడానికి పొలం అమ్ముతాం, నర్సు అంటే మాత్రం ‘పాపం’ అంటాం. హైదరాబాద్ నుంచి మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా గొంతు తగ్గించి, ఇంకా ఆ కోర్సేనా అంటుంది. ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదులెండి. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇంట్లోవాళ్లూ ఇలాగే వద్దన్నారు. 1851లో జర్మనీలో కైజర్స్‌వెర్త్‌కి వెళ్లి పని నేర్చుకునేటప్పటికి ఆమెకి ముప్పై ఒకటి. గణితం బాగా వచ్చిన మనిషి. ఆ లెక్కల బుర్రతోనే సైనికులు గాయాల కంటే అంటురోగాలతో ఎక్కువ పోతున్నారని నిరూపించింది.

ఒంటిగంటకి రెసిడెంట్ డాక్టర్ వచ్చాడు. ఊపిరితిత్తి చుట్టూ ఉన్న నీరు సూదితో తియ్యాలి, సంతకం కావాలి. నన్ను చూసి ఊపిరి పీల్చుకున్నాడు. “నువ్వు ఆయన భాషే మాట్లాడతావట కదా, కాస్త చెప్పేసెయ్.”

చెప్పకూడదు. మంచినీళ్లు కావాలా, నొప్పి ఉందా, పక్కకి తిరగండి, ఇవి నేను తెలుగులో మాట్లాడొచ్చు. ప్రమాదాలు వివరించి సంతకం తీసుకోవాలంటే అర్హతున్న దుబాసీ ఉండాలి. “ట్యాబ్లెట్ తెస్తానండీ” అన్నాను. చక్రాల స్టాండు మీద ట్యాబ్లెట్ తోసుకొచ్చి, తెలుగు మీటను నొక్కి, ఎక్కడో కూర్చున్న దుబాసీ లైన్లోకి వచ్చేదాకా నిలబడ్డాం. డాక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, “నువ్వున్నావుగా అమ్మా, ఆ డబ్బా ఎందుకు?” అన్నాడు.

ఎందుకంటే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు, రక్తం కారొచ్చు అన్న మాట నేను చెబితే, మనూరి పిల్ల కదా, పర్లేదనే అర్థంలోనే వింటాడు. నేనూ తెలియకుండానే కాస్త మెత్తగా చెబుతాను. ఆ మెత్తదనం మీద ఆయన సంతకం పెడతాడు. ఈ దేశపు ఆసుపత్రి నియమాల్లో కొన్ని నాకు చాదస్తంగా తోస్తాయి, ఇది మాత్రం అక్షరాలా సరైనది. దుబాసీ స్పష్టంగా, ఏ దయా లేకుండా అన్నీ చెప్పింది. ఆయన రెండు ప్రశ్నలడిగాడు, రెండూ మంచి ప్రశ్నలే. సంతకం పెట్టాడు. సూది గుచ్చుతున్నంతసేపూ ముందుకి వంగి బల్ల మీద తల ఆనించుకున్నాడు, నేను భుజాలు పట్టుకుని ఊపిరి లెక్కపెట్టించాను. అది తెలుగులోనే.

మిగతా పూటంతా నడకే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, డాక్యుమెంటేషన్, ఎవరో వాంతి చేసుకుంటే దుప్పట్లు మార్చడం. ఏడింటికి మళ్లీ అప్పగింతలు. ఇంటికెళ్లి రేపటి కేర్ ప్లాన్ రాయాలి. చివర్న లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ఉంది. ఎనభై ఐదు ప్రశ్నల నుంచి నూట యాభై దాకా ఎక్కడైనా కంప్యూటర్ ఆపెయ్యొచ్చు, ఐదు గంటల గడువు. 2023 ఏప్రిల్ నుంచి అందులో పొద్దున పొటాషియం దగ్గర నన్నడిగినలాంటి ప్రశ్నలు పెరిగాయి.

ఈ మధ్య గుళ్లో, బతుకమ్మ దగ్గర, నాలాంటి ఆడవాళ్లు పక్కకి పిలిచి అడుగుతున్నారు, మేమూ చెయ్యగలమా అని. చెయ్యగలరు. కానీ ఫీజు కట్టేముందు మూడు సంగతులు చూడండి. ఆ బడికి మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి, సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్ లాంటి సంస్థ ఇచ్చే గుర్తింపు ఉండాలి. టెక్సస్ బోర్డు ఏ బడిలో ఎంతమంది ఎన్‌క్లెక్స్ పాసయ్యారో తన వెబ్‌సైట్లో పెడుతుంది, ఏజెంటు మాటలు కాకుండా అది చదవండి. హెచ్‌4 వీసా (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు గానీ ఫెడరల్ అప్పు రాదు, ఫీజంతా చేతిలోంచే పోతుంది. సాధారణంగా మీవారి గ్రీన్‌కార్డు పిటిషన్ (ఐ-140) ఆమోదం పొందాకే వచ్చే పని అనుమతి కార్డు (ఈఏడీ) చేతికొస్తే తప్ప లైసెన్సు వచ్చినా ఉద్యోగం చెయ్యడానికి లేదు. ముందు ఆ కాగితం సంగతి తేల్చుకోండి, పిల్లి కండరాల పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.