పసుపు క్యాసెట్

పంక్ అనగానే తెల్లకుర్రాళ్ల కోపమే గుర్తొస్తుంది కదా తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. ఈసారి ఒక క్యాసెట్ సంగతి.

1982లో న్యూయార్క్‌లోని ఆర్‌ఓఐఆర్ అనే చిన్న కంపెనీ బ్యాడ్ బ్రెయిన్స్ మొదటి ఆల్బమ్‌ని తెచ్చింది. రికార్డు కాదు, ఉత్త క్యాసెట్. పసుపు అట్ట మీద అమెరికా పార్లమెంటు గుమ్మటంపై పిడుగు పడుతున్న బొమ్మ. వాయించింది వాషింగ్టన్ ప్రాంతపు నలుగురు నల్లజాతి యువకులు. అంతకుముందు జాజ్ ఫ్యూజన్ వాయించినవాళ్లు కాబట్టే, అంత వేగంలోనూ ఒక్క దెబ్బ తప్పదు. సొంతూరి క్లబ్బులు తలుపులు మూసేస్తే దాన్నే 'బ్యాన్డ్ ఇన్ డీసీ' అని పాట కట్టారు.

నల్లవాళ్లు పంక్‌లోకి 'వచ్చారు' అని రాస్తారు. ఎక్కడికి రావడం? సిస్టర్ రోజెటా థార్ప్, చక్ బెర్రీల చేతుల్లో రాటుదేలిన గిటార్ అది. వీళ్లు తమ సొమ్ము తాము అడిగి తీసుకున్నారు, అంతే.

మచ్చా ఉంది. గేల పట్ల వీళ్లు చూపిన ద్వేషం మీద ఆ ఏడాదే తోటి పంక్ బ్యాండ్లతో గొడవైంది. అణిగినవాడి నోట అణిచేవాడి మాట! దాన్ని దాచి ఈ చరిత్ర చెప్పను.

మొత్తం వినడానికి ముప్పావుగంట కూడా పట్టదు. మధ్యలో రెగే పాటలొస్తే దాటేయకండి.