జమీందారీ పోయింది, పేట మిగిలింది
(ఉత్తరాంధ్రలో సోషలిస్టు పార్టీ: ఒక దళిత పరిశీలన)

మా చోడవరం వైపు (అప్పట్లో విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా) సోషలిస్టు పార్టీ అంటే పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది విజయనగరం రాజుగారు. సంస్థాన వారసుడు పి.వి.జి. రాజు 1957లో సోషలిస్టుగా విశాఖపట్నం లోక్‌సభ స్థానం గెలిచారు. జమీందారీ వ్యవస్థను ఎదిరించిన పార్టీకి ఇక్కడ నాయకుడు జమీందారీ వారసుడే! ఆయన చిత్తశుద్ధిని శంకించడం నా ఉద్దేశం కాదు. ఆ సోషలిజం మాలపేట దాకా, రెల్లి వీధి దాకా వచ్చిందా అన్నదే ప్రశ్న.

1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టాన్ని చూడండి. జమీందారుకు నష్టపరిహారం ఇచ్చారు. సాగు హక్కున్న రైతుకు పట్టా ఇచ్చారు. మరి ఆ మడిలో నాట్లు వేసినవాళ్లకు, చెరుకు నరికినవాళ్లకు? ఏమీ లేదు. ఎందుకంటే కంబారికి, పాలేరుకు 1908 ఎస్టేటు భూముల చట్టం నాటి నుంచీ హక్కే లేదు. లేని హక్కుకు పట్టా ఎక్కడిది? తరువాత గోవాడలో వచ్చిన చోడవరం సహకార చక్కెర కర్మాగారంలోనూ ఇదే లెక్క. సభ్యత్వం చెరుకు పండించే రైతుది. భూమి లేనివాడు సహకారంలో కూడా కూలీయే.

సోషలిస్టులకు కులం తెలియదని అనలేం. 1955 చివర హైదరాబాదులో కొత్త సోషలిస్టు పార్టీ పెట్టిన లోహియా, కదలిక లేకుండా గడ్డకట్టిన వర్గమే కులమన్నాడు. వెనుకబడినవారికి 60 శాతం స్థానాలు అడిగాడు. అంతకుముందే, 1951-52 ఎన్నికల్లో, అంబేద్కర్ షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ సోషలిస్టులతో పొత్తు పెట్టుకుంది. బొంబాయిలో అంబేద్కర్, అశోక్ మెహతా ఇద్దరూ ఓడిపోయారు. మళ్లీ కలిసి పనిచేద్దామని లోహియా, అంబేద్కర్ ఉత్తరాలు రాసుకున్నారు. 1956 డిసెంబరు 6న అంబేద్కర్ పోయారు. ఆ మాట అక్కడే ఆగింది.

ఇక్కడ రాజుగారు తరువాత కాంగ్రెసులో చేరి, 1971లో అదే విశాఖ నుంచి కాంగ్రెసు ఎంపీగా గెలిచారు. పార్టీ మారినా గెలుపు ఆయనదే. అంటే ఓట్లకు పునాది సిద్ధాంతం ఒక్కటే కాదు, సంస్థానం మీది గౌరవం కూడా. ఆ గౌరవాన్ని వాడుకున్న పార్టీ దాన్ని కూల్చగలదా?

మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. లైబ్రరీలో ఈ పార్టీ చరిత్ర చదివితే నాయకుల పేర్లు దొరుకుతాయి. జెండా మోసినవాళ్ల పేర్లు పేటలోని ముసలివాళ్లకే గుర్తు. వాళ్లు పోకముందే వెళ్లి రాసుకోవాలి. ఆ పని విద్యార్థులదీ, మనందరిదీ.

1952 ఎన్నికల్లో సోషలిస్టుల గుర్తు చెట్టు. మర్రి నీడన మరో మొక్క మొలవదని మనవాళ్ల సామెత. ఇకముందు ఏ పార్టీ సోషలిజం పేరు చెప్పుకొని పేటకు వచ్చినా మనం అడగాల్సింది ఒకటే: భూమి ఎవరికి, నాయకత్వం ఎవరిది? నీడ ఇస్తామంటే చాలదు.