లాగు ఏ గంగలో కలిసింది?

ఆటోమేటిక్‌గా లినక్సు ఎక్కించడం గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా రెడ్‌హ్యాట్ కిక్‌స్టార్ట్ దగ్గర మొదలుపెడతారు. అంతకంటే ముందే సన్ కంపెనీ సొలారిస్‌లో జంప్‌స్టార్ట్ ఉండేది. ఇన్‌స్టాలేషన్‌కి ముందు బిగిన్ స్క్రిప్టు, తర్వాత ఫినిష్ స్క్రిప్టు నడిచేవి. అవి ఏం వాగాయో అంతా, మనం అడక్కుండానే, కొత్త సిస్టమ్‌లో రెండు లాగ్ ఫైళ్ళుగా మిగిలేది. (లాగులంటే నిక్కర్లు కాదు మహాప్రభో, జరిగిందంతా రాసిపెట్టే చిట్టాలు :))

కిక్‌స్టార్ట్‌లోనూ ప్రీ, పోస్ట్ అని అలాంటి రెండు స్క్రిప్టులే. ఒక విషయంలో సన్ కంటే నయం. జంప్‌స్టార్ట్‌లో కొత్త డిస్కు వేరే డైరెక్టరీ కింద వేలాడుతుంది, ఫైలు పేరు రాసిన ప్రతిసారీ ముందు అది తగిలించాలి. కిక్‌స్టార్ట్ పోస్ట్ స్క్రిప్టుని నేరుగా కొత్త సిస్టమ్ లోపలే నిలబెడుతుంది. కానీ చిట్టా సంగతి మాత్రం స్క్రిప్టు రాసినవాడి ఖర్మకి వదిలేశారు. ప్రీ స్క్రిప్టు నడిచేది మెమరీలోని తాత్కాలిక సిస్టమ్‌లో కాబట్టి, రీబూట్ అవ్వగానే దాని ఆనవాళ్ళన్నీ హరీ!

అంతకన్నా ఘోరం, స్క్రిప్టు ఫెయిలైనా ఇన్‌స్టాలేషన్ ఆగదు. ఎంటర్‌ప్రైజ్ లినక్సు 4 (2005) మాన్యువల్లోనే ఓ హెచ్చరిక ఉంది. డీహెచ్‌సీపీ వాడితే పోస్ట్ స్క్రిప్టు నడిచే సమయానికి నెట్‌వర్క్ ఉంటుంది గానీ పేర్లు తెలియవు, ఐపీ అడ్రసులే రాయాలి. అది చదవనివాడు ఫైర్‌వాల్ సెట్టింగులు ఫలానా సర్వర్ పేరుతో తెచ్చుకోమని రాశాడనుకోండి, అవి రావు. అయినా మెషీన్ బుద్ధిగా లేచి లాగిన్ అడుగుతుంది! ఫైర్‌వాల్ వచ్చిన మెషీన్‌కీ రానిదానికీ తెర మీద తేడా ఏమీ ఉండదు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

అందుకే అడ్మిన్లు ఒక నాటు వైద్యం కనిపెట్టుకున్నారు. స్క్రిప్టు మొదట్లోనే ఇన్‌పుట్, ఔట్‌పుట్ రెండూ మూడో కన్సోల్‌కి తిప్పి, తెరని కూడా అక్కడికే మార్చేసి, ఎదురుగా కూర్చుని చూడటం. మనిషి అక్కర్లేని ఇన్‌స్టాలేషన్‌కి మనిషి కాపలా అన్నమాట!

ఎంటర్‌ప్రైజ్ లినక్సు 6 (2010) మాన్యువల్లో రెండు ఆప్షన్లు కనిపిస్తాయి: ఔట్‌పుట్‌ని ఫైల్లో రాసేది ఒకటి, ఫెయిలైతే అక్కడే ఆపేసేది ఇంకొకటి. ఆపేసేది మాత్రం ఇవాళ్టికీ అడిగితేనే. ఉబుంటు సర్వర్ 20.04 (2020) ఇంకో అడుగు ముందుకేసింది. ఇన్‌స్టాలేషన్ చచ్చిపోతే నడపాల్సిన కమాండ్లు ముందే రాసిపెట్టొచ్చు, చచ్చేముందు చిట్టాని ఇంకో మెషీన్‌కి పంపించెయ్యొచ్చు.

అన్నట్టు, ఫెయిలైతే ఆపమన్నంత మాత్రాన గుండె మీద చెయ్యేసుకుని పడుకోకండి. షెల్ చూసేది చివరి కమాండ్ ఫలితమే. మధ్యలో పది కమాండ్లు బోర్లాపడి, చివర్లో 'అయిపోయింది' అని ప్రింట్ చేసే ఒక్క ఎకో పాసైతే, ఇన్‌స్టాలర్ లెక్కలో స్క్రిప్టు మొత్తం పాసైనట్టే.