నిద్రలో ఊపిరి ఎందుకు ఆగింది? సీప్యాప్ మెషిన్ కనిపెట్టేది ఇలా

నిద్రలో శ్వాస కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. అబ్‌స్ట్రక్టివ్ రకంలో గొంతు మూసుకుపోతుంది, ఛాతీ మాత్రం గాలి కోసం పెనుగులాడుతూనే ఉంటుంది. సెంట్రల్ రకంలో ఊపిరి తీయమని మెదడు నుంచి సంకేతమే రాదు.

గాలి ఆగిందని సీప్యాప్ మెషిన్‌కు తెలుస్తుంది, ఎందుకు ఆగిందో తెలియదు. అందుకే ఊది చూస్తుంది. రెస్‌మెడ్ ఆటోసెట్ మెషిన్లు సెకనుకు 4 సార్లు చొప్పున చిన్న ఒత్తిడి అలలను మాస్క్‌లోకి పంపుతాయి. అవతలి కొన వేలితో మూసిన స్ట్రాలోకి ఊదితే గాలి పోదు కదా, ఇదీ అంతే. గాలి కదిలితే గొంతు తెరిచి ఉన్నట్టు, కదలకపోతే మూసుకున్నట్టు లెక్క. ఫిలిప్స్ మెషిన్లు ఇదే పనికి ఒత్తిడి పల్స్ వాడతాయి.

గొంతు మూసుకుంటే ఆటో మెషిన్ ఒత్తిడి పెంచుతుంది. తెరిచి ఉంటే పెంచదు. పెంచితే లాభం ఉండదు సరికదా, కొందరిలో సెంట్రల్ ఆప్నియా ఎక్కువవుతుంది కూడా.

అయితే ఈ తీర్పు గొంతు గురించే, మెదడు గురించి కాదు. సెంట్రల్ ఆప్నియాలోనూ ఒక్కోసారి గొంతు ముడుచుకుంటుంది, అప్పుడు మెషిన్ పొరబడుతుంది. మాస్క్ బాగా లీకైతే అసలేమీ తేల్చలేదు. ఖాయంగా తెలియాలంటే స్లీప్ ల్యాబ్‌లో ఛాతీకి, పొట్టకు బెల్టులు కట్టి చేసే పరీక్షే దిక్కు.

యాప్‌లో సెంట్రల్ అంకె రోజూ ఎక్కువగా కనబడుతుంటే సొంతంగా ఒత్తిడి మార్చకుండా డాక్టర్‌కు చూపించాలి. ముఖ్యంగా గుండె జబ్బు ఉన్నవాళ్లు. గుండె పంపింగ్ 45 శాతానికి మించని రోగుల్లో సెంట్రల్ ఆప్నియాకు ఏఎస్‌వీ అనే మరో రకం మెషిన్ పెడితే గుండె సంబంధ మరణాలు పెరిగాయని 2015లో సర్వ్-హెచ్‌ఎఫ్ ట్రయల్‌లో తేలింది.