నిమిషానికి కాదు, ప్యాకెట్‌కి

ఫోన్‌లో ఇంటర్నెట్ అనగానే అందరం స్పీడ్ గురించే మాట్లాడుకుంటాం. కానీ దాన్ని మొదటిసారి కోటిమంది జేబుల్లోకి చేర్చిన సర్వీసు స్పీడ్ సెకనుకు 9,600 బిట్లే. ఆ లెక్కన రెండు ఎంబీల ఫొటో ఒకటి పంపాలంటే దాదాపు అరగంట పడుతుంది. జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో అనే ఫోన్ కంపెనీ 1999 ఫిబ్రవరి 22న మొదలుపెట్టిన ఐ-మోడ్ అది. ఏడాదిన్నర తిరక్కుండానే కోటిమంది చేరారు.

డొకోమో అప్పటి అధ్యక్షుడు ఓబోషి కోజీ 1997లో ఈ పనిని ఎనోకి కెయిచీకి అప్పగించారు. ఎనోకి ఇంజినీరు. ఆయన చేసిన తెలివైన పని, ఇంకో ఇంజినీరును కాకుండా మత్సునాగ మారి అనే పత్రికా సంపాదకురాలిని తెచ్చుకోవడం. ఆడవాళ్ల కోసం ఉద్యోగ ప్రకటనల పత్రిక నడిపిన మనిషి ఆమె. సెల్‌ఫోన్ల సంగతి పెద్దగా తెలియదు. తెలియకపోవడమే కలిసొచ్చింది. చిన్న తెర మీద మామూలు మనిషి ఏం చదువుతాడు, దేనికి డబ్బులిస్తాడు అన్నదే ఆమె ప్రశ్న. వ్యాపారం పట్ల చూపున్న నత్సునో తకేషీ కూడా జట్టులోకి వచ్చారు. అంతకుముందు ఆయన పనిచేసిన ఇంటర్నెట్ కంపెనీ దివాలా తీసింది.

ఇక అసలు విషయం, బిల్లు. అదే రోజుల్లో యూరప్‌లో వాప్ అని ఒకటి వచ్చింది. నోకియా, ఎరిక్సన్, మోటరోలా లాంటి హేమాహేమీలు వెనకున్నారు. కానీ అక్కడ ఫోన్‌లో నెట్ అంటే ఒక కాల్ కలిపినట్టే. మీరు పేజీ చదువుతున్నా, ఆలోచిస్తున్నా లైను మీ పేరునే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆటోలో మీటర్ తిరిగినట్టు నిమిషాలు తిరుగుతూనే ఉంటాయి. ఐ-మోడ్‌లో సమాచారాన్ని ముక్కలు చేసి, ముక్క ఉన్నప్పుడే గాలిలోకి వదిలేవారు. 128 బైట్ల ప్యాకెట్‌కి 0.3 యెన్. ఒక ప్యాకెట్‌లో 64 జపనీస్ అక్షరాలు పడతాయి. తెర మీదికొచ్చిన కబురును గంటసేపు చదువుకున్నా పైసా ఎక్కువ పడదు. జనం భయం లేకుండా బటన్ నొక్కడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

సైట్లు తయారుచేసేవాళ్లకీ పని తేలిక చేశారు. వాప్ వాళ్లు కొత్త భాష నేర్చుకోమన్నారు. డొకోమో మాత్రం మామూలు వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌నే కుదించి వాడుకుంది. తెలిసిన విద్యే కాబట్టి బ్యాంకులు, పత్రికలు, బొమ్మల కంపెనీలు తొందరగానే పేజీలు కట్టేశాయి.

అక్షరానికో లెక్క ఉన్నచోట మాట పొదుపుగా వాడాలి కదా. మెయిల్‌కి పరిమితి 250 అక్షరాలు. జట్టులోని కురిత షిగెతక ఆ ఇరుకులోంచి ఒక దారి కనిపెట్టారు. అడ్డం 12, నిలువు 12 చుక్కల గడిలో గొడుగు, గుండె, రైలు, బీరు గ్లాసు గీశారు. ఆయన చిత్రకారుడేం కాదు. అలాంటి బొమ్మలు 176. ఫోన్ నుంచి ఫోన్‌కి వెళ్లేది బొమ్మ కాదు, దాని రెండు బైట్ల కోడ్. అంటే గుండె బొమ్మ ఒకటి పంపినా, ఒక అక్షరం పంపినా ఖర్చు ఒకటే. పిల్లలు ఊరుకుంటారా! న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం 2016లో ఆ 176నీ తన సేకరణలో చేర్చుకుంది.

డబ్బుల వసూలు ఇంకో తెలివి. నెలకు 300 యెన్ చందా. ఆపైన సైట్లకు కట్టే చిన్న చిన్న మొత్తాలు ఫోన్ బిల్లులోనే కలిసిపోయేవి. రోజుకో కార్టూన్ బొమ్మ పంపి నెలకు 100 యెన్ తీసుకుంది బొమ్మల కంపెనీ బందాయి. క్రెడిట్ కార్డు లేని కుర్రాళ్లు కూడా కొన్నారు. అలా వసూలు చేసిపెట్టినందుకు డొకోమో ఉంచుకున్నది 9 శాతం.

తర్వాత యూరప్ కంపెనీలు కొన్ని ఐ-మోడ్‌ను తెచ్చుకున్నాయి గానీ అక్కడ అది నిలదొక్కుకోలేదు. 2007లో ఐఫోన్ వచ్చాక జపాన్‌లోనూ ఆట మారింది. 2026 మార్చి 31తో ఐ-మోడ్ ఆపేస్తామని డొకోమో 2019లోనే ప్రకటించింది. ఫోన్‌లో సరుకు అమ్మిపెట్టి వాటా తీసుకునే వ్యాపారానికి మాత్రం ఢోకా లేదు. 2008లో యాప్ స్టోర్ తెరిచినప్పుడు యాపిల్ పెట్టుకున్న వాటా 30 శాతం.